బోల్టు బిగిస్తున్నప్పుడు మీరెక్కడ నిలబడాలి?
హైడ్రాలిక్ బోల్ట్ టెన్షనర్ గురించి ఒక పాఠం

నైపుణ్య శిక్షణ పథకం లబ్ధిదారుల కోసం – విశాఖపట్నం

ఈ పీడీఎఫ్ ఎవరికి?

రాష్ట్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణ పథకం కింద ఫిట్టర్, పైప్ ఫిట్టర్, రిగ్గర్ కోర్సుల్లో చేరిన వారికి, కోర్సు అయిపోయి షట్‌డౌన్ పనులకు వెళ్తున్న వారికి ఇది. ఇదివరకు పంపిన పీడీఎఫ్‌లలో దరఖాస్తు ఎలా చేయాలి, సర్టిఫికెట్ ఎలా తీసుకోవాలి లాంటి విషయాలు చెప్పాం. ఈసారి పని గురించే చెబుతున్నాం. ఎందుకంటే శిక్షణ పూర్తి చేసుకున్న కొందరు ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఒకటే: "సార్, సైటులో బోల్ట్ టెన్షనర్ మీద హెల్పరుగా వేశారు. క్లాసులో దాన్ని ఒక్కరోజే చూపించారు. భయంగా ఉంది, ఏం చేయాలి?"

భయం ఉండటం తప్పు కాదు. అసలు భయం లేనివాళ్ళ గురించే ఆలోచించాలి. నేను జర్నలిజం చదివి సమాచార శాఖలోకి వచ్చినవాణ్ణి, ఇంజినీరును కాను. అందుకే ఈ పాఠం రాసేముందు టెన్షనర్ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన వాళ్ళ పక్కన నిలబడి చూశాను. నాకు అర్థం కాని ప్రతి మాటా మళ్ళీ మళ్ళీ అడిగాను. నాకు అర్థమైన తీరులోనే మీకు చెబుతున్నాను. మీ సైటులో ఇచ్చే ప్రొసీజర్ కాగితం, టూల్ తయారీదారు పుస్తకం దీనికన్నా పైమాట. రెండింటికీ తేడా వస్తే వాటినే పాటించండి.

విశాఖలో ఈ పని ఎక్కడ ఉంది?

మన ఊళ్ళో బోల్టు లేని పరిశ్రమ లేదు. 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై ఇప్పుడు హెచ్‌పీసీఎల్ చేతిలో ఉన్న మల్కాపురం వైపు రిఫైనరీలో వేల సంఖ్యలో ఫ్లాంజ్ జాయింట్లు ఉంటాయి. స్టీల్ ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులు ఉన్నాయి. వాటికి గాలి, గ్యాస్, నీరు మోసే లైన్లన్నీ బోల్టులతో కలిపినవే. పరవాడ దగ్గరి సింహాద్రి థర్మల్ కేంద్రంలో టర్బైన్ కేసింగులు, పోర్టులో క్రేన్లు, షిప్‌యార్డులో ఇంజిన్లు కూడా అంతే. చిన్న బోల్టు అయితే పానాతో బిగిస్తారు. కొంచెం పెద్దదైతే టార్క్ రెంచి. మరీ పెద్ద స్టడ్లు ఉన్నచోట, జాయింటు అంతా ఒకే సమంగా బిగియాల్సిన చోట టెన్షనర్ తెస్తారు. హీట్ ఎక్స్‌చేంజర్లు, రియాక్టర్లు, టర్బైన్లు ఇలాంటివే.

ఈ పనికి కూలి కూడా మేలు. హెల్పరుగా వెళ్ళినవాడు టెన్షనర్ ఆపరేటర్ అయితే షట్‌డౌన్ సీజనులో చేతినిండా పని ఉంటుంది, ఇతర రాష్ట్రాల నుంచీ, గల్ఫ్ నుంచీ పిలుపులు వస్తాయి. కానీ ఆ స్థాయికి చేరాలంటే ముందు చేతులూ కళ్ళూ క్షేమంగా ఉండాలి.

జాయింటు సరిగా లేకపోతే ఏమవుతుంది?

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా పరిశ్రమలో పైపులోంచి ద్రావకం లీకై, దాని ఆవిరి అంటుకుని 17 మంది చనిపోయారు. ఆ వార్త మీలో చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటుంది. అక్కడి కారణాలను ఇక్కడ విచారించడం మన పని కాదు. మండే ద్రవం పైపు దాటి బయటికి వస్తే ఎంత సేపట్లో ఏం జరుగుతుందో మన జిల్లాల వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు, అంతే.

బోల్టుల సంగతే సూటిగా తెలిసే ఉదాహరణ రష్యాలో ఉంది. సయానో-షుషెన్‌స్కయా జలవిద్యుత్ కేంద్రంలో 2009 ఆగస్టు 17న రెండో నంబరు టర్బైన్ మూత పైకి లేచిపోయింది. నీళ్ళు టర్బైన్ హాలును ముంచేశాయి. 75 మంది చనిపోయారు. తర్వాత మూతను పట్టి ఉంచిన స్టడ్లలో దొరికిన 49 పరీక్షిస్తే 41కి పగుళ్ళు ఉన్నాయి. కనీసం ఆరు స్టడ్లకు ప్రమాద సమయానికి నట్లే లేవు. అంటే అంత పెద్ద యంత్రం మిగిలిన కొద్ది స్టడ్ల మీద వేలాడుతూ నడిచింది. ఒక్కో స్టడ్డు దగ్గర చేసే పని ఎంత ముఖ్యమో ఆ లెక్క చూస్తే చాలు.

బోల్టు ఒక స్ప్రింగు

ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా పాఠం సులువు. స్టడ్డును బిగించడం అంటే దాన్ని కొద్దిగా సాగదీయడం. సాగిన ఉక్కు మళ్ళీ తన పొడవుకు రావాలని లాగుతుంది. ఆ లాగుడే రెండు ఫ్లాంజులను దగ్గరికి నొక్కుతుంది, మధ్యలో గ్యాస్కెట్‌ను అదుముతుంది. సైకిల్ క్యారియర్ మీద మూట కట్టే రబ్బరు తాడు గుర్తు తెచ్చుకోండి. సాగదీసి కొక్కెం తగిలిస్తేనే మూట కదలదు. సాగకుండా ఊరికే తగిలిస్తే మొదటి గోతి దగ్గరే మూట కిందపడుతుంది.

ఉక్కు సాగడం కంటికి కనపడదు. 36 మిల్లీమీటర్ల స్టడ్డు, రెండు నట్ల మధ్య 200 మిల్లీమీటర్ల పొడవు ఉందనుకోండి. దాన్ని 40 టన్నుల బలంతో లాగితే సాగేది సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. ఆ అర మిల్లీమీటరులోనే మొత్తం బలం దాగి ఉంటుంది. స్టడ్డు తెగితే ఆ బలమంతా ఒక్కసారిగా స్టడ్డు పొడవునా, అది చూపించే దిక్కుకే బయటికొస్తుంది. పక్కకు తక్కువ, ముందుకూ వెనక్కూ ఎక్కువ. ఈ పాఠం పేరులో "ఎక్కడ నిలబడాలి" అని అడిగింది అందుకే.

పానా ఉండగా టెన్షనర్ ఎందుకు?

పానాతోనో టార్క్ రెంచితోనో నట్టు తిప్పినప్పుడు మీరు పెట్టిన శక్తిలో స్థూలంగా సగం నట్టు కింది ముఖం రాపిడికి, దాదాపు 40 శాతం మరల రాపిడికి పోతాయి. స్టడ్డును సాగదీసేది మిగిలిన 10 శాతమే. మరలకు కాస్త తుప్పు పట్టినా, ఒకదానికి గ్రీజు రాసి ఒకదానికి రాయకపోయినా ఆ పది కాస్తా అయిదు అవుతుంది, లేదా పదిహేను అవుతుంది. రెంచి మాత్రం రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే మన ఊళ్ళో, పోర్టు పక్కన పడి ఉన్న స్టడ్ల మరలు ఎలా ఉంటాయో మీకు తెలుసు.

టెన్షనర్ నట్టును తిప్పదు. స్టడ్డు చివర పట్టుకుని నిలువుగా లాగుతుంది. స్టడ్డు సాగి నట్టు కింద ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలోకి నట్టును చేత్తో దించుతాం. ఒత్తిడి తీసేయగానే బరువంతా నట్టు మీదికి వస్తుంది. రాపిడితో పని లేదు కాబట్టి లెక్క దగ్గరగా వస్తుంది. ఎనిమిది టూల్స్ ఒకే పంపుకు కలిపితే ఎనిమిది స్టడ్లు ఒకేసారి ఒకే బలంతో సాగుతాయి, గ్యాస్కెట్ ఒక పక్కకు నలగదు.

టూల్‌లో భాగాలు

కిందనుంచి పైకి చెప్పుకుందాం. ఫ్లాంజ్ మీద కూర్చునేది బ్రిడ్జి, అంటే నట్టు చుట్టూ నిలబడే పీట. దాని లోపల నట్టుకు తొడిగే సాకెట్. బ్రిడ్జికి ఉన్న కిటికీలోంచి టామీ బార్ అనే సన్నటి కడ్డీతో ఆ సాకెట్‌ను తిప్పుతాం. బ్రిడ్జి మీద సిలిండరు, దానిలో పిస్టన్. అన్నిటికన్నా పైన పుల్లర్. ఇది పెద్ద నట్టులా స్టడ్డు పైచివరకు ఎక్కుతుంది. అక్కడి నుంచి హోసులు, క్విక్ కప్లింగులు, గేజి, పంపు. పంపు చేత్తో కొట్టేది కావచ్చు, గాలితో నడిచేది కావచ్చు.

ఇప్పుడు ఒత్తిడి గురించి. చాలా టెన్షనర్లకు గరిష్ఠ ఒత్తిడి 1500 బార్. కారు టైరులో ఉండేది రెండు బార్ పైచిలుకు. ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో. అంటే 1500 బార్ దగ్గర మీ బొటనవేలి గోరంత జాగా మీద ఒక చిన్న కారు బరువు ఉన్నట్టు. అదంతా మీ కాలి పక్కనుంచి పోయే వేలెడు లావు హోసులో ఉంటుంది.

ఒక చిన్న లెక్క

కాగితం మీద ఇచ్చే అంకె ఎలా వచ్చిందో తెలిస్తే తప్పు అంకెను మీరే పట్టుకోగలరు. టూల్ మీద పిస్టన్ వైశాల్యం రాసి ఉంటుంది. 50 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. 800 బార్ పెడితే 50 ఇంటూ 800, అంటే సుమారు 40 వేల కిలోలు, 40 టన్నులు.

అయితే ఒత్తిడి తీసేశాక 40 టన్నులూ మిగలవు. నట్టు మీదికి బరువు రాగానే మరలు సర్దుకుంటాయి, నట్టు కొంచెం కుదురుకుంటుంది, కొంత బలం పోతుంది. పొడవాటి స్టడ్డుకు ఈ నష్టం తక్కువ, పొట్టి స్టడ్డుకు ఎక్కువ. పైన చెప్పిన 36 మిల్లీమీటర్ల లావు, 200 మిల్లీమీటర్ల పొడవు ఉన్న స్టడ్డులో మామూలుగా వాడే లెక్క ప్రకారం 34 టన్నుల చుట్టుపక్కల మిగులుతుంది. కాబట్టి ఇంజినీరు కావలసినదానికన్నా కాస్త ఎక్కువ లాగమని ముందే కలిపి రాస్తాడు. "ఎలాగూ పోతుంది కదా, ఇంకో యాభై బార్ కొట్టు" అని సైటులో ఎవరైనా అంటే గుర్తుపెట్టుకోండి: ఆ పోయేది ముందే లెక్కలో ఉంది. మీరు కలిపే యాభై స్టడ్డును విరిగే వైపు తోస్తుంది.

పని మొదలయ్యే ముందు

పర్మిట్ మీద సంతకం ఉందా, లైనులో ఒత్తిడి తీసేశారా, వాల్వులకు తాళం పడిందా. ఇవి సూపర్‌వైజర్ చూసుకునే పనులే అయినా, చూశారా అని అడిగే హక్కు హెల్పరుకూ ఉంది. అడిగితే కోప్పడే మేస్త్రీలు ఉంటారు. అడిగినందుకు పని పోదు, అడగనందుకు ప్రాణం పోవచ్చు అని ఒక పాత ఫిట్టరు నాతో అన్నాడు. ఆయన ఎడమచేతికి మూడు వేళ్ళే ఉన్నాయి కాబట్టి నేను వాదించలేదు.

తర్వాత స్టడ్డు చూడండి. వైరు బ్రష్‌తో మరలు శుభ్రం చేయండి. పుల్లర్ చేత్తోనే సాఫీగా దిగాలి. దిగకపోతే బలవంతం చేయకండి, మరలు దెబ్బతిన్నాయని అర్థం. నట్టు పైన స్టడ్డు ఎంత బయటికి ఉందో కొలవండి. కనీసం స్టడ్డు లావంత ఉండాలి. 36 మిల్లీమీటర్ల స్టడ్డుకు కనీసం 36 మిల్లీమీటర్లు నట్టు దాటి కనపడాలి. తక్కువుంటే పుల్లర్‌కు పట్టు చాలదు, ఒత్తిడిలో మరలు ఊడి టూల్ పైకి ఎగురుతుంది. ఈ కొలత తప్పించుకుని జరిగే ప్రమాదాలు ఎక్కువ, ఎందుకంటే కొలవడానికి ఒక్క నిమిషం చాలు, ఆ నిమిషమే ఎవరూ ఇవ్వరు.

స్టడ్డు చివర కొట్టిన గుర్తు చదవండి. అధిక బలం కావలసిన చోట సాధారణంగా బి-7 స్టడ్డు, 2-హెచ్ నట్టు వాడతారు. పక్క జాయింటులోంచి తీసిన గుర్తు లేని స్టడ్డు కలిసిపోతే ఆ ఒక్కటే ముందు తెగుతుంది. గుర్తు లేకపోతే పక్కన పెట్టి అడగండి.

బ్రిడ్జి కూర్చునే చోట రంగు పెచ్చులు, తుప్పు ఉండకూడదు. పీట వంకరగా కూర్చుంటే లాగుడూ వంకరగానే పోతుంది. పిస్టన్ పూర్తిగా లోపలికి దిగి ఉందో లేదో చూడండి. హోసును మొత్తం పొడవునా కంటితో చూడండి: ఉబ్బు, కోత, లోపలి తీగ బయటపడటం, మడత గుర్తు ఏదున్నా వాడకూడదు. కప్లింగు తగిలించాక ఒకసారి లాగి చూడండి. సగం తగిలిన కప్లింగు తక్కువ ఒత్తిడిలో ఏమీ అనదు, ఎక్కువలో ఊడిపోతుంది. గేజి మీద కాలిబ్రేషన్ చీటీ, దాని గడువు తేదీ ఉందో లేదో చూడండి.

లాగేటప్పుడు

జట్టులో ఒక్కరే ఆర్డర్ ఇవ్వాలి. ఇద్దరు అరిస్తే పంపు దగ్గరి మనిషికి ఎవరి మాట వినాలో తెలియదు. పంపు దగ్గరి మనిషి పంపును వదిలి పోకూడదు, ఫోన్ చూడకూడదు. కంప్రెసర్ల మోతలో మాట వినపడకపోతే చేతి సైగలు ముందే అనుకోవాలి.

ఒత్తిడి పెరుగుతున్నంతసేపూ టూల్ దగ్గర ఎవరూ ఉండకూడదు. ముందు మూడో వంతు ఒత్తిడి దాకా పెంచి ఆపండి. దూరం నుంచే చూడండి: టూల్ నిటారుగా ఉందా, ఎక్కడైనా చెమ్మ కనిపిస్తోందా. బాగుంటే మిగతాది నెమ్మదిగా పెంచండి. అనుకున్న అంకె దగ్గర పంపు ఆపండి. గేజి ముల్లు కదలకుండా నిలబడాలి. ముల్లు దిగుతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. అప్పుడు దగ్గరికి పోకుండా ముందు ఒత్తిడి తీసేయండి.

ముల్లు నిలబడ్డాక మాత్రమే నట్టు దించడానికి ఒకరు వెళ్ళాలి. పక్క నుంచి వెళ్ళాలి. స్టడ్డు నిలువుగా ఉంటే తల, ఛాతీ దాని పైకి రానివ్వకండి. స్టడ్డు అడ్డంగా ఉంటే, అంటే నిలువు ఫ్లాంజ్ అయితే, దాని రెండు చివర్లకూ ఎదురుగా ఎవరూ ఉండకూడదు. మీరు ఇటువైపు జాగ్రత్తగా ఉంటారు, అవతలి చివర వేరే కాంట్రాక్టు వాళ్ళు టీ తాగుతూ కూర్చుంటారు. రెండు వైపులా తాడు కట్టి, బోర్డు పెట్టండి. పరంజా మీద పని అయితే పై అంతస్తు కూడా చూడండి.

2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్‌ను పరీక్షిస్తుండగా అది కూలి 11 మంది చనిపోయారు. అది బోల్టు పని అని చెప్పడం లేదు. ఏ యంత్రమైనా మొదటిసారి బరువు ఎత్తుకునే క్షణం దగ్గర అవసరం లేని మనిషి ఉండకూడదన్న సంగతి మన ఊరికి ఎంత ఖరీదుకు తెలిసిందో గుర్తుచేయడానికే చెబుతున్నాను. టెన్షనర్ పనిలో ఆ క్షణం రోజుకు వందసార్లు వస్తుంది.

నట్టును టామీ బార్‌తో గట్టిగా, చేతి బలంతోనే దించండి. సుత్తితో కొట్టొద్దు. నట్టు కిందికి అంటుకోగానే వెనక్కి వచ్చేయండి. అప్పుడు ఒత్తిడి మెల్లగా వదలాలి. మరలు సర్దుకుంటాయి కాబట్టి ఇదే పని అదే ఒత్తిడిలో రెండు మూడుసార్లు చేయమని ప్రొసీజర్‌లో ఉంటుంది. అలసిపోయిన రాత్రి షిఫ్టులో ముందు ఎగ్గొట్టేది ఈ రెండోసారినే.

పిస్టన్ ఎంత పైకి లేవొచ్చో టూల్ మీద గుర్తు ఉంటుంది, చాలావాటికి ఎర్ర గీత. స్టడ్డు బిగియకుండా పిస్టనే పైకి వస్తోందంటే గ్యాస్కెట్ నలుగుతూ ఉండొచ్చు, లేదా స్టడ్డు సాగిపోతూ ఉండొచ్చు. ఎర్ర గీత కనిపిస్తే ఆపి, ఒత్తిడి తీసి, పిస్టన్ దించి మళ్ళీ మొదలుపెట్టాలి. గీత దాటితే సీలు ఊడి ఆయిల్ కొట్టుకొస్తుంది.

నులక మంచం సంగతి

పదహారు స్టడ్ల ఫ్లాంజ్‌కు ఎనిమిది టూల్సే ఉన్నాయనుకుందాం. ఒకటి విడిచి ఒకటి ఎనిమిదింటిని లాగుతారు. తర్వాత మిగిలిన ఎనిమిదింటిని లాగితే గ్యాస్కెట్ ఇంకాస్త నలిగి మొదటి ఎనిమిది కొంచెం వదులవుతాయి. ఇంట్లో నులక మంచం అల్లినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒక వరస బిగించి లాగితే పక్క వరస సడలుతుంది. అందుకే ప్రొసీజర్‌లో రెండు అంకెలు ఇస్తారు: మొదటి ఎనిమిదికి కొంచెం ఎక్కువ ఒత్తిడి, రెండో ఎనిమిదికి కొంచెం తక్కువ. "ఇదేంటి, రెండు అంకెలు వేర్వేరుగా ఉన్నాయి, తప్పు పడిందేమో" అని రెండింటికీ ఒకటే పెట్టేసిన జట్లు ఉన్నాయి. అది తప్పు కాదు, లెక్క. మొదటి ఎనిమిదికి చాక్‌పీస్‌తో ఒక గుర్తు, రెండో ఎనిమిదికి ఇంకో గుర్తు పెట్టుకోండి.

అన్నీ అయ్యాక మళ్ళీ ఒత్తిడి పెట్టి ఏ నట్టైనా తిరుగుతోందా చూస్తారు. తిరిగితే ఆ వరస మళ్ళీ చేయాలి.

విప్పేటప్పుడు

బిగించడం నేర్చుకున్నవాళ్ళు విప్పడం సులువనుకుంటారు. టెన్షనర్‌తో విప్పేటప్పుడు పుల్లర్‌ను పూర్తిగా కిందికి దించి, ఒక చుట్టుకు కాస్త అటూ ఇటుగా, కాగితంలో చెప్పినంత, వెనక్కి తిప్పి ఖాళీ ఉంచాలి. ఎందుకంటే నట్టు వదిలాక ఒత్తిడి తీస్తే స్టడ్డు పొట్టిదై కిందికి లాక్కుంటుంది. ఖాళీ లేకపోతే టూల్ స్టడ్డుకీ ఫ్లాంజ్‌కీ మధ్య ఇరుక్కుపోతుంది. దాన్ని సుత్తితో కొట్టి ఊడదీయబోయి దెబ్బలు తిన్నవాళ్ళు ఉన్నారు.

లైను ఖాళీ అని చెప్పినా, చివరి స్టడ్లు వదిలేటప్పుడు లోపల ఏదో మిగిలి ఉందనే అనుకోండి. మీకు దూరంగా ఉన్న వైపు స్టడ్లు ముందు వదలండి. ఏదైనా చిమ్మితే అటు చిమ్ముతుంది.

సూది గుచ్చినంత గాయం

ఈ భాగం ఇంట్లోవాళ్ళకు కూడా చదివి వినిపించండి. మా మేనమామ ఒకాయన చాలా ఏళ్ళ కిందట ఒక షట్‌డౌన్‌లో హైడ్రాలిక్ హోసు మీద చెమ్మ కనపడితే చేత్తో తడిమి చూశాడు. వేలి చివర సూది గుచ్చినట్టు చిన్న చుక్క. నెత్తురు కూడా సరిగా రాలేదు. "ఏముందిలే" అని పసుపు అద్ది షిఫ్టు పూర్తిచేశాడు. ఆ రోజు అక్కడి మేస్త్రీ కూడా ఇంటికి పొమ్మనలేదు. తెల్లారేసరికి చెయ్యి మోచేతిదాకా వాచింది. చివరికి ఆ వేలు పోయింది.

అధిక ఒత్తిడిలో సన్నటి రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ కంటికి సరిగా కనపడదు. టెన్షనర్ ఒత్తిడిలో వందో వంతు ఉన్నా చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. గ్లవుజులు దాన్ని ఆపలేవు. లోపలికి వెళ్ళిన ఆయిల్ వేళ్ళ నరాల వెంట పాకుతూ కండను చంపుతుంది. పైకి మాత్రం చిన్న చుక్కే. మొదటి గంటల్లో నొప్పి కూడా తక్కువే ఉండొచ్చు, అందుకే మనిషి మోసపోతాడు.

కాబట్టి లీకును ఎప్పుడూ చేత్తో వెతకొద్దు. ఒత్తిడి పూర్తిగా తీసేశాకే చూడాలి. ఎవరికైనా ఇలాంటి చుక్క పడితే పసుపు, కాఫీ పొడి, ఐస్ అంటూ ఆగకండి. వేలిని పిండొద్దు, గట్టిగా కట్టొద్దు. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి, ఆపరేషన్ అవసరం పడొచ్చు. వెంటనే ఫస్ట్ ఎయిడ్ సెంటరుకు చెప్పి, ఆపరేషన్ చేయగల పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వాహనం లేకపోతే 108. డాక్టరుతో "హై ప్రెజర్ ఆయిల్ చర్మం లోపలికి వెళ్ళింది" అని ఈ మాటల్లోనే చెప్పండి, లేకపోతే టీటీ ఇంజెక్షన్ ఇచ్చి పంపేసే అవకాశం ఉంది. ఆయిల్ డబ్బా మీది పేరును ఫోటో తీసుకెళ్ళండి. ఆరు గంటలు దాటేకొద్దీ వేలు తీసేయాల్సి వచ్చే ప్రమాదం బాగా పెరుగుతుంది.

"ఆపండి" అని ఎలా చెప్పాలి?

కొత్తగా చేరిన కుర్రాడికి మేస్త్రీని ఆపడం కష్టమే. వయసులో పెద్దవాడు, పని ఇప్పించినవాడు, ఒక్కోసారి మన ఊరివాడే. గట్టిగా అరిచి గొడవ పెట్టుకోనక్కర్లేదు. "అన్నా, గేజి ముల్లు దిగుతోంది, ఒకసారి చూడవా" అంటే చాలు. "అన్నా, ఇక్కడ మరలు నట్టు పైకి ముప్పై మిల్లీమీటర్లే ఉన్నాయి, కాగితంలో ముప్పై ఆరు అని ఉంది" అని అంకెతో చెబితే ఇంకా మంచిది. అంకెను తోసెయ్యడం మనిషిని తోసేసినంత సులువు కాదు. అందుకే కొలత టేపు జేబులో ఉంచుకోమంటున్నాను.

నా అభిప్రాయం ఒకటి చెబుతాను. మన దగ్గర "ధైర్యంగా పనిచేస్తాడు" అనే మాటను మెచ్చుకోలుగా వాడతారు. టెన్షనర్ దగ్గర ఆ మెచ్చుకోలు నాకు నచ్చదు. నేను చూసినవాళ్ళలో బాగా పనిచేసేవాళ్ళు ఒత్తిడి పెరుగుతున్నంతసేపూ దూరంగా, కాస్త విసుగ్గా నిలబడి ఉన్నవాళ్ళే.

బీమా సంగతి

పనికి వెళ్ళేముందు మీ పేరు మీద ఏముందో చూసుకోండి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన మీ బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు తీసుకుంటుంది. 18 నుంచి 70 ఏళ్ళ వారికి వర్తిస్తుంది. ప్రమాదంలో మరణిస్తే లేదా పూర్తిగా శాశ్వత వైకల్యం వస్తే 2 లక్షలు, ఒక కన్ను లేదా ఒక చెయ్యి లేదా ఒక పాదం పూర్తిగా పోతే లక్ష రూపాయలు. జూన్ 1 నుంచి మే 31 వరకు ఒక ఏడాది లెక్క. మే నెలలో ఖాతాలో డబ్బు లేకపోతే పాలసీ ఆగిపోతుంది, చాలామందికి అలాగే ఆగిపోయింది. మా మేనమామకు పోయినట్టు ఒక వేలు పోతే ఇందులో ఏమీ రాదు, అది కూడా తెలుసుకోండి.

వేలు పోయినా లెక్కలోకి వచ్చేది ఈఎస్ఐలో. పనిలో దెబ్బ తగిలి తాత్కాలికంగా పనికి వెళ్ళలేకపోతే వేతనంలో 90 శాతం వస్తుంది. శాశ్వత నష్టానికి విడిగా లెక్కకట్టి ఇస్తారు. కానీ కాంట్రాక్టరు మీ పేరున ఈఎస్ఐ నంబరు తీసుకున్నాడో లేదో మొదటి రోజే అడగండి, నంబరు ఫోన్‌లో రాసుకోండి. దెబ్బ ఎంత చిన్నదైనా అదే రోజు సైటు ప్రమాదాల రిజిస్టరులో రాయించండి, రాసిన పేజీ ఫోటో తీసుకోండి. సూది గుచ్చినంత గాయమైనా సరే. మా మేనమామ కేసులో రిజిస్టరులో ఆ రోజు తేదీ కింద ఏమీ లేదు. తర్వాత ఎన్ని ఆఫీసులు తిరిగినా ముందు అడిగింది ఆ పేజీ గురించే.